రాముడు అడవికి వెళ్లేనాటికి ఎన్నేళ్లవాడు?

మొన్నటి శ్రీరామనవమికి మా వీధి పందిట్లో పురాణం చెప్పే పెద్దాయన సీతారామ కల్యాణ ఘట్టం ముగించి పానకం గ్లాసు అందుకున్నారు. ముందు వరుసలో కూర్చున్న ఎనిమిదో తరగతి పిల్ల లేచి, “తాతగారూ, పెళ్లినాటికి సీతమ్మకు ఎన్నేళ్లు?” అని అడిగింది. ఆయన తడుముకోకుండా “ఆరమ్మా” అన్నారు. పందిరంతా గుసగుసలు. “కాదండీ, పెళ్లీడు వచ్చిందని సీతమ్మే చెప్పుకుంది కదా” అని వెనక నుంచి ఇంకొకాయన అందుకున్నారు. ఇద్దరూ వాల్మీకినే చూపించారు. ఇద్దరూ ఉన్నమాటే చెప్పారు. ఆ పిల్ల మాత్రం జవాబు దొరకని ముఖంతో కూర్చుండిపోయింది.

ఆ ముఖం నన్ను వదల్లేదు. ఈ వ్యాసం ఆ పిల్ల కోసం రాస్తున్నాను.

ముందు మన ఇళ్లలో వయసు ఎలా చెప్పేవారో గుర్తు చేసుకోవాలి. మా నాయనమ్మకు పుట్టినతేదీ తెలియదు. “పెద్ద తుఫాను వచ్చిన ఏడు నాకు పన్నెండు నిండి పదమూడోది నడుస్తోంది” అనేది. వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టేది. ఆమె మాటలో రెండు అంకెలు ఉన్నాయి, రెండూ సరైనవే. నిండినది ఒకటి, నడుస్తున్నది ఒకటి. ధర్మశాస్త్రాల్లో ఇంకో పద్ధతి కూడా ఉంది: గర్భం నుంచి లెక్కించడం. క్షత్రియ బాలుడికి ఉపనయనం గర్భంతో కలిపి పదకొండో ఏట అంటే, మన లెక్కలో పది నిండిన చోటు. కాబట్టి పాత కథలో ఒక ఏడు అటూ ఇటూ అయితే దాన్ని వైరుధ్యం అనుకోనక్కర్లేదు. చిక్కంతా మూడేళ్లు, ఎనిమిదేళ్లు, పదకొండేళ్లు తేడా వచ్చినప్పుడే.

రామాయణంలో రాముడి వయసు చెప్పేవాళ్లు నలుగురు.

మొదటివాడు దశరథుడు. విశ్వామిత్రుడు యాగరక్షణకు రాముణ్ని పంపమని అడిగినప్పుడు బాలకాండలో ఆయన అన్నమాట “ఊనషోడశవర్షో మే రామో రాజీవలోచనః”. నా రాముడికి ఇంకా పదహారు నిండలేదు, రాక్షసులతో యుద్ధం చేసే యోగ్యత వాడికి ఎక్కడిది అని. రెండోవాడు మారీచుడు. అరణ్యకాండలో రావణుడికి పాత సంగతి చెబుతూ, దశరథుడు ఆ రోజు అన్నమాటగానే పన్నెండేళ్లని చెబుతాడు. ఒకే సభ, ఒకే మాట. అంకె మాత్రం వేరు.

మూడో సాక్షి కౌసల్య. అడవికి వెళ్తున్నానని కొడుకు చెప్పినప్పుడు కుప్పకూలి లేచి అంటుంది: నువ్వు పుట్టి పదిహేడేళ్లయింది రాఘవా, నా దుఃఖం ఎప్పుడు తీరుతుందా అని ఎదురుచూస్తూ ఇన్నేళ్లూ గడిపాను. నాలుగో సాక్షి సీత. పంచవటిలో సన్న్యాసి వేషంతో వచ్చిన రావణుడికి అతిథి మర్యాదగా తన సంగతి చెబుతూ, తన భర్తకు ఇరవై అయిదు, తనకు పుట్టినప్పటి నుంచి పద్దెనిమిది అంటుంది. ఇది వనవాసానికి బయల్దేరిన నాటి వయసు. మాట్లాడుతున్న నాటి వయసు అనుకుంటే కుదరదు. అప్పటికే పన్నెండేళ్లు పైగా అడవిలో గడిచాయి కాబట్టి బయల్దేరినప్పుడు ఆమె పసిపిల్ల అయిపోతుంది.

ఇప్పుడు వీటిని కలిపే అంకె ఒకటి కావాలి. పెళ్లికీ వనవాసానికీ మధ్య ఎన్నేళ్లు? మన చేతుల్లో ఉండే ప్రతుల్లో సీతే ఆ మాటా చెబుతుంది: పన్నెండేళ్లు ఇక్ష్వాకుల ఇంట సుఖంగా ఉన్నాను, పదమూడో ఏట పట్టాభిషేకం తలపెట్టారు. సుందరకాండలో హనుమంతుడితోనూ ఇదే అంటుంది.

కాగితం మీద వేసి చూడండి. దశరథుడి పదహారుకు పన్నెండు కలిపితే ఇరవై ఎనిమిది. సీత చెప్పిన ఇరవై అయిదు రాదు, కౌసల్య పదిహేడు అసలే రాదు. మారీచుడి పన్నెండుకు పన్నెండు కలిపితే ఇరవై నాలుగు నిండి ఇరవై అయిదోది నడుస్తుంది. సీత మాటతో అతికినట్టు సరిపోతుంది. కౌసల్య మాత్రం ఒంటరిగా మిగులుతుంది.

వ్యాఖ్యాతలు ఆమెను అలా వదల్లేదు. “పుట్టి” అన్నది రెండో జన్మ గురించి, అంటే ఉపనయనం గురించి అన్నారు. పదకొండో ఏట ఉపనయనం, ఆపైన పదిహేడేళ్లు, మొత్తం ఇరవై ఎనిమిది. దశరథుడి లెక్కతో కలిసింది. తెలివైన సమన్వయమే. అయినా నాకు మనసొప్పదు. కొడుకు కళ్లముందు నుంచి వెళ్లిపోతున్న క్షణంలో ఏ తల్లీ ఉపనయనం నుంచి ఏళ్లు లెక్కపెట్టదు. పురిటి మంచం నుంచి లెక్కపెడుతుంది.

బరోడా ప్రాచ్య విద్యాసంస్థ పండితులు వివిధ ప్రాంతాల రాతప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చి, 1960 నుంచి 1975 మధ్య రామాయణానికి ఒక సంశోధిత ప్రతి తెచ్చారు. అందులో అరణ్యకాండ శ్లోకం దగ్గర “పన్నెండేళ్లు” లేదు. రాఘవుడి ఇంట ఒక సంవత్సరం ఉన్నాను, ఏడాది దాటాక రాజు పట్టాభిషేకం తలపెట్టాడు అని ఉంది. ఈ ఒక్క పాఠంతో లెక్క తిరగబడుతుంది. దశరథుడి నిండని పదహారుకు ఒకటి కలపండి. పదిహేడు. ఏ సాముగరిడీలూ లేకుండా కౌసల్య మాట నిలబడుతుంది.

అంటే రామాయణంలో ఉన్నది ఒక లెక్క తప్పుగా వేయడం కాదు. రెండు లెక్కలు ఉన్నాయి, రెండూ లోపల సరిగ్గానే ఉన్నాయి. ఒకటి: పన్నెండు, పన్నెండు, ఇరవై అయిదు. ఇంకొకటి: పదహారు, ఒకటి, పదిహేడు. తరతరాలుగా నోటి మీద నడిచిన కథలో ఇవి రెండూ పెనవేసుకున్నాయని నేను అనుకుంటున్నాను. మనం ఒక లెక్కలోంచి ఒక అంకె, ఇంకో లెక్కలోంచి ఇంకో అంకె తీసి కూడుతున్నాం. తేలకపోవడం అందుకే. బాలకాండ చివర కవి స్వయంగా చెప్పిన మాట ఈ రెండింటి మధ్యా నిలుస్తుంది: రాముడు సీతతో “చాలా ఋతువులు” విహరించాడు అన్నాడు. ఏళ్లు చెప్పలేదు. ఏడాదికి ఆరు ఋతువులు కదా, ఒక ఏడు గడిచినా ఆ మాట చెల్లుతుంది, పన్నెండు గడిచినా చెల్లుతుంది.

ఇప్పుడు ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు వద్దాం. ఆరేళ్లు అన్నది వాల్మీకి ఎక్కడా చెప్పిన అంకె కాదు. పద్దెనిమిదిలోంచి పన్నెండు తీసేసి మనం తెచ్చుకున్నది. ఆ పన్నెండు ఏ పాఠంలో ఉందో, ఏ పాఠంలో లేదో ఇప్పుడే చూశాం. ఇక తన పెళ్లీడు గురించి సీత సూటిగా చెప్పిన చోటు ఇంకొకటి ఉంది. అయోధ్యకాండ చివర అనసూయమ్మ, నీ స్వయంవరం కథ చెప్పమ్మా, వినాలని ఉంది అని అడుగుతుంది. సీత చెబుతుంది: భర్తతో కూడదగిన వయసు నాకు రావడం చూసి మా తండ్రి, ఉన్న ధనం పోగొట్టుకున్న పేదవాడిలా దిగులుపడ్డాడు. పెళ్లికెదిగిన కూతురున్న ప్రతి ఇంట్లోనూ ఆ దిగులు తెలుసు. ఆరేళ్ల పిల్లను చూసి ఏ తండ్రీ అలా దిగులుపడడు. పెళ్లయి వచ్చిన నలుగురు కోడళ్లూ భర్తలతో ఏకాంతంలో ఆనందంగా గడిపారని బాలకాండ చెప్పడం కూడా దీనికే అనుకూలం.

రెండు చోట్లా సీతే మాట్లాడింది. ఒక చోట మనసు విప్పి, తల్లిలాంటి పెద్దావిడతో. ఇంకో చోట ముక్కూముఖం తెలియని సన్న్యాసితో, జవాబు చెప్పకపోతే శపిస్తాడేమోనన్న భయంతో. మొదటి మాట అనుభవం, రెండోది అంకె, ఆ అంకె కూడా తీసివేతలోంచి వచ్చింది. రెండింట్లో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే నేను అనసూయ దగ్గర చెప్పిన మాటనే ఎంచుకుంటాను.

అలాగే తక్కిన ముగ్గురినీ అడగండి: ఈ అంకె ఎవరు, ఎవరితో, ఏ అవసరానికి అన్నారు? కొడుకును పంపకూడదనుకున్న తండ్రి “ఇంకా నిండలేదు” అంటాడు. రాముడి జోలికి వెళ్లొద్దని రావణుణ్ని భయపెట్టాలనుకున్న మారీచుడు, పసివాడుగా ఉన్నప్పుడే ఒక్క బాణంతో నన్ను నూరు యోజనాల అవతల సముద్రంలో పడేశాడు అని చెప్పాలి. వయసు ఎంత తగ్గిస్తే భయం అంత పెరుగుతుంది. తల్లి తన దుఃఖాన్ని లెక్కపెట్టింది, కొడుకు వయసును కాదు. వీటిని జనన ధ్రువపత్రాల్లా పక్కపక్కన పెట్టి కూడితే మనకు దక్కేది తలనొప్పే.

ఏళ్ల సంగతి ఇలా ఉంటే, నెలల సంగతి చూడండి. ఇక్కడ నాకు నిజంగా ఒళ్లు పులకరిస్తుంది. రామాయణంలో ఋతువుల లెక్క చాలా గట్టిగా ఉంది.

పట్టాభిషేకానికి దశరథుడు ఎంచుకున్నది చైత్రమాసం. ఈ రోజు చంద్రుడు పునర్వసులో ఉన్నాడు, రేపు పుష్యమి, రేపే అభిషేకం అని రాముడితో అంటాడు. రాముడు పుట్టింది చైత్రంలో, పునర్వసులో. అంటే పుట్టిన నెలలో పుట్టిన నక్షత్రం నాడు, మన వాడుకలో పుట్టినరోజు నాడు, తండ్రి ఆ కబురు చెప్పాడు. మర్నాడు కొడుకు నారచీరలు కట్టి బయల్దేరాడు. ఈ సంగతి కవి ఎక్కడా ఎత్తి చెప్పడు. రెండు కాండల్లోని రెండు శ్లోకాలు పక్కన పెట్టుకున్నవాళ్లకే కనిపిస్తుంది.

తర్వాత పదేళ్లు మునుల ఆశ్రమాల్లో గడిచాయని కవి ఒక్క మాటతో దాటేస్తాడు. పంచవటికి వచ్చాక కాలం మళ్లీ నెమ్మదిస్తుంది. లక్ష్మణుడు హేమంతాన్ని వర్ణిస్తాడు: మంచు, పొగమంచులో వెలవెలబోయిన వెన్నెల, నీళ్లను ముట్టడానికి జంకే ఏనుగు. ఆ వెంటనే శూర్పణఖ వస్తుంది. సీతను ఎత్తుకుపోయిన తర్వాత రావణుడు ఆమెకు పన్నెండు నెలల గడువు పెడతాడు. అన్నదమ్ములు పంపా సరస్సు చేరేసరికి వసంతం విరగబూసి ఉంది. వాలి పోయాక శ్రావణం, వానలు. కార్తికం వచ్చాక పని మొదలుపెడదాం అని రాముడు సుగ్రీవుడితో అంటాడు. శరత్తు వచ్చినా సుగ్రీవుడు కదలకపోతే లక్ష్మణుడు వెళ్లి హెచ్చరించాల్సి వస్తుంది. వానరులకు నెల గడువు, దక్షిణానికి వెళ్లినవాళ్లకు ఆ నెల దాటిపోతుంది. అప్పుడు అశోకవనంలో సీత హనుమంతుడితో అంటుంది: పదో నెల నడుస్తోంది, ఇక రెండే మిగిలాయి.

వెనక్కి లెక్కపెట్టండి. హనుమంతుడు లంక చేరింది మార్గశిరం ప్రాంతంలో. అది పదో నెల అయితే అపహరణ ఫాల్గుణంలో. హేమంతంలో శూర్పణఖ రావడానికీ, చైత్రంలో పంప దగ్గర వసంతం కనిపించడానికీ సరిగ్గా మధ్యన. ముందుకు లెక్కపెడితే గడువు మళ్లీ ఫాల్గుణానికి తీరుతుంది, పద్నాలుగేళ్లు చైత్రానికి నిండుతాయి. మూడు కాండల్లో చెదిరి ఉన్న నెలలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. చివరి యుద్ధానికి అమావాస్య నాడు బయల్దేరమని రావణుడికి మంత్రి చెబుతాడు. పద్నాలుగేళ్లు నిండిన పంచమి నాడు రాముడు భరద్వాజుడి ఆశ్రమం చేరతాడు. ఆ అమావాస్య ఫాల్గుణానిది అనుకుంటే, మధ్యలో మన ఉగాది పడుతుంది. రావణవధను దసరాతోనూ, అయోధ్యకు తిరిగి రావడాన్ని దీపావళితోనూ ముడిపెట్టే సంప్రదాయాలు ఈ లెక్కకు బయటివి.

ఇంత బాగా కుదిరిందని తిథి నక్షత్రాల దాకా వెళ్తే మళ్లీ పట్టు జారుతుంది. పంచమికి మర్నాడు పుష్యమి అంటాడు కవి. శుక్ల షష్ఠి నాడు పుష్యమి సాధారణంగా పడేది వైశాఖంలో, చైత్రంలో కాదు. రాముడి జన్మ సమయం దగ్గర ఇంకా పెద్ద చిక్కు ఉంది. ఇది ఎవరైనా సరిచూసుకోవచ్చు. నవమి, పునర్వసు, కర్కాటక లగ్నం, గురువుతో కలిసి చంద్రుడు, ఐదు గ్రహాలు ఉచ్ఛలో, అంటే తమకు అత్యధిక బలం ఉండే రాశుల్లో, అని శ్లోకం. కర్కాటకంలో ఉన్న చంద్రుడికి అది స్వక్షేత్రమే (సొంత రాశి) గాని ఉచ్ఛ కాదు. బుధుడు సూర్యుడికి దూరంగా పోలేడు కాబట్టి చైత్రంలో తన ఉచ్ఛ అయిన కన్యలో ఉండలేడు. ఇక మిగిలినవి ఐదే: రవి, కుజుడు, గురుడు, శుక్రుడు, శని. అందుచేత రవి తన ఉచ్ఛ అయిన మేషంలో ఉండి తీరాలి. రాశిచక్రంలో పునర్వసు 93 డిగ్రీల 20 కలల (కల అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) దగ్గర ముగుస్తుంది. తిథి అంటే రవిచంద్రుల మధ్య ప్రతి 12 డిగ్రీల దూరం, నవమి మొదలవ్వాలంటే ఆ దూరం 96 దాటాలి. రవి మేషం మొదటి అంచున ఉన్నా దూరం 93 డిగ్రీల 20 కలలకు మించదు. అది అష్టమి. నవమి, పునర్వసు, మేషంలో రవి మూడూ ఒకేసారి ఆకాశంలో ఉండలేవు.

ఈ శ్లోకాన్ని కంప్యూటర్లో పెట్టి క్రీస్తుపూర్వం 5114 జనవరి 10 అని తేదీ తేల్చిన లెక్క ఒకటి బాగా ప్రచారంలో ఉంది. మూడు షరతులు కలిసి నెరవేరనప్పుడు ఏ యంత్రమైనా ఒకదాన్ని సడలించే తేదీ ఇస్తుంది. ఆ సడలింపు సంగతి తేదీ పక్కన రాయరు, నా అభ్యంతరం అదే. ఆ జాతకం ఒక మహాపురుషుడి రాకను చెబుతోంది. పుట్టిన బిడ్డ ఎంతటివాడో చెప్పడానికి ఆ కాలానికి తెలిసిన అత్యుత్తమ భాష అది.

పెద్ద అంకెలకూ ఇదే మాట. దశరథుడు తనకు అరవై వేల ఏళ్లంటాడు, రాముడు పదకొండు వేల ఏళ్లు ఏలాడంటారు. వేయి సంవత్సరాల సత్రయాగం గురించి, వేదవాక్యాల అర్థం తేల్చే పూర్వమీమాంస శాస్త్రంలో ఎప్పుడో చర్చ జరిగింది. మనిషి అన్నేళ్లు బతకడు కాబట్టి అక్కడ సంవత్సరం అంటే రోజు అని తేల్చారు. ఆ సూత్రం ఇక్కడ పెడితే రాముడి పాలన ముప్పై ఏళ్ల పైచిలుకు అవుతుంది, నమ్మేలాగే ఉంటుంది. దశరథుడికి పెడితే 160 దాటిపోతాడు. వనవాసానికి పెడితే పద్నాలుగు రోజులే. నచ్చిన చోట పెట్టి నచ్చని చోట తీసేసే సూత్రంతో లెక్క తేలదు.

ఇన్ని చెప్పాక, పూర్వులకు కాలం లెక్క పట్టదని ఎవరైనా అంటే ఒప్పుకోను. మహాభారతం విరాటపర్వంలో ఉత్తర గోగ్రహణం నాడు, అర్జునుడు అజ్ఞాతవాసం గడువు తీరకముందే బయటపడ్డాడా అని దుర్యోధనుడు అడుగుతాడు. రెండు సేనలూ ఎదురెదురుగా నిలిచి ఉండగా భీష్ముడు పంచాంగం చెబుతాడు. ప్రతి ఐదేళ్లకు రెండు అధికమాసాలు వస్తాయి, ఆ లెక్కన పదమూడేళ్ల మీద ఐదు నెలల పన్నెండు రాత్రులు ఎక్కువే గడిచాయి అంటాడు. ఆ చొప్పున మనం వేస్తే ఐదు నెలల ఆరు రోజులే వస్తాయి, ఆయన నోట ఆరు పన్నెండైంది. అయినా రాజ్యం ఎవరిదన్న ప్రశ్న ఏ సంవత్సరాన్ని సంవత్సరం అంటామన్న దాని మీద ఆగిందని వ్యాసుడికి తెలుసు. చాంద్రమానం వేరు, సౌరమానం వేరు, మధ్యలో అధికమాసం.

రామాయణంలో కాలాన్ని అంతకన్నా ప్రాణం మీదికి తెచ్చుకున్నవాడు భరతుడు. పద్నాలుగేళ్లు నిండిన నాడు నువ్వు కనిపించకపోతే అగ్నిలో దూకుతానని పాదుకలు తీసుకుంటూనే చెప్పాడు. అందుకే పంచమి నాడు ఆశ్రమంలో ఆగిన రాముడు హనుమంతుణ్ని ముందుగా నందిగ్రామానికి పరుగెత్తించాడు. నారచీరలతో, జటలతో, చిక్కి శల్యమై కూర్చున్న తమ్ముడికి హనుమంతుడు రాముడి క్షేమం చెబుతాడు. అన్న ఎన్నేళ్లవాడో భరతుడు అడగలేదు. ఎప్పుడు వస్తాడన్నదే అతని లెక్క. రేపు పుష్యమి, రేపు చూస్తావు అన్నాడు హనుమంతుడు.

భద్రాచలంలో ఇప్పటికీ నవమి నాడు కల్యాణం చేస్తారు, మర్నాడు దశమి నాడు పట్టాభిషేకం. ఈసారి పందిట్లో ఆ పిల్ల కనిపిస్తే పంచాంగం చేతికిచ్చి, ఆ రెండు రోజులూ చంద్రుడు ఏ నక్షత్రంలో ఉన్నాడో చూడమంటాను.